పాత లైన్‌కే ఆయుష్షు ఎక్కువ: సాఫ్ట్‌వేర్ పెరుగుదలలో కనిపించే లెక్కలు

2005 ఏప్రిల్ 16న లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ కోడ్ మొత్తాన్ని, కోడ్ మార్పుల చరిత్ర దాచడానికి అప్పుడే కొత్తగా రాసుకున్న గిట్ అనే పనిముట్టులోకి ఎక్కించారు. అంతకుముందు చరిత్ర ఆయన దగ్గర లేక కాదు. దాన్నంతా తెస్తే 3.2 గిగాబైట్లు అవుతుందని, కొత్త పనిముట్టు మీద ఇప్పుడే అంత బరువు పెట్టడం ఎందుకని, చరిత్రను పక్కన పెడుతున్నట్టు ఆ కమిట్ (గిట్‌లో ఒకసారి నమోదు చేసే మార్పు) మెసేజ్‌లోనే రాశారు. ఇవాళ కెర్నల్‌లో ఒక పాత ఫైల్ తెరిచి, ఏ లైన్‌ను ఎవరు ఎప్పుడు రాశారో చూపే గిట్ బ్లేమ్ కమాండ్ ఇస్తే, కొన్ని లైన్ల పక్కన ఇప్పటికీ ఆ ఒక్క కమిటే కనిపిస్తుంది. అంటే గిట్ పుట్టినప్పటి నుంచి ఆ లైన్ మీద ఎవరూ చెయ్యి వేయలేదు. దాని పైన ఉన్నదీ కింద ఉన్నదీ ఈలోగా ఎన్నో చేతులు మారి ఉండొచ్చు.

ఒక లైన్ అలా ఎందుకు నిలిచిపోయింది, పక్కది ఆర్నెల్లు తిరక్కుండానే ఎందుకు పోయింది? ఒక్కొక్క లైన్ సంగతి విడిగా చెప్పడం కష్టం. లక్షల లైన్లను ఏళ్ల తరబడి కలిపి చూస్తే మాత్రం కొన్ని లెక్కలు మళ్లీ మళ్లీ ఒకే తీరులో వస్తాయి. సిస్టమ్ ఎంత వేగంగా పెరుగుతుంది, ఏ ముక్క మిగతావాటి కంటే పెద్దదవుతుంది, బగ్‌లు ఎక్కడ పోగుపడతాయి, కోడ్ ఎన్నాళ్లు బతుకుతుంది అనే నాలుగు ప్రశ్నలకూ ఈ లెక్కల్లో జవాబు దొరుకుతుంది. మెయింటెనెన్స్ పని మీద బతికేవాళ్లకు ఇది చాలా దగ్గరి విషయం. హైదరాబాద్‌లో సపోర్ట్ ప్రాజెక్టుల్లో ఉన్న వేలమంది రోజూ చేసే పని ఇదే. దాన్ని కొలిచే తీరు మాత్రం చాలాచోట్ల తప్పుగా ఉంది.

వాడితేనే మారుతుంది

ఈ పరిశీలన మొదలైంది ఐబీఎంలో. 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కంప్యూటర్ల కోసం రాసిన ఓఎస్/360, ఆ కాలానికి చాలా పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్. కంపెనీలో ప్రోగ్రామింగ్ పని ఎలా సాగుతోందో అధ్యయనం చేసిన మీర్ లేమన్ 1969లో ఒక రిపోర్టు ఇచ్చారు. తర్వాత లాస్లో బెలాడీతో కలిసి ఆ సిస్టమ్ లెక్కలను రిలీజ్ వెంట రిలీజ్ వరసగా పేర్చి చూశారు. మాడ్యూళ్ల, అంటే ప్రోగ్రాంలోని విడి ముక్కల, సంఖ్య రిలీజ్ నంబర్‌తో పాటు దాదాపు గీత గీసినట్టు తిన్నగా పెరిగింది. ఒక్కో రిలీజ్‌లో చెయ్యి పెట్టాల్సి వచ్చిన మాడ్యూళ్ల సంఖ్య మాత్రం అలా పెరగలేదు. అది చక్రవడ్డీలా ఎగబాకింది.

పాత ఇంటికి గదులు కలుపుకుంటూ పోయిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మొదటి గది వేసినప్పుడు ఒక గోడ పగలగొడితే సరిపోతుంది. ఆరో గది దగ్గరికి వచ్చేసరికి నీళ్ల పైపు, కరెంటు వైరు, మెట్లు, పక్క గది కిటికీ అన్నీ కదపాలి. గది సైజు మొదటిదానంతే, కదిపే సామాను మాత్రం పదింతలు.

1974 నుంచి లేమన్ ఈ పరిశీలనలను సూత్రాలుగా రాస్తూ వచ్చారు, 1996 నాటికి అవి ఎనిమిదయ్యాయి. అన్నిటికీ పునాది మొదటిదే. వాడకంలో ఉన్న ప్రోగ్రాం మారుతూనే ఉండాలి, మారకపోతే రానురాను పనికిరాకుండా పోతుంది. ఇది అన్ని ప్రోగ్రాంలకూ వర్తించదని కూడా ఆయనే చెప్పారు. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కునే ప్రోగ్రాం ఒకసారి సరిగ్గా రాస్తే ఎప్పటికీ సరైనదే. లోకంలో కలిసిపోయి, జనం పనుల్లో భాగమైన ప్రోగ్రాం సంగతి వేరు. లోకం కదిలితే అదీ కదలాలి.

మన దగ్గరి ఉదాహరణలే చూడొచ్చు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఆ ముందురోజు రాత్రి వరకు తప్పు లేకుండా బిల్లు కొట్టిన సాఫ్ట్‌వేర్ తెల్లారేసరికి పనికిరానిదైంది. అందులో బగ్ ఏమీ లేదు, పన్ను మారింది అంతే. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు రాష్ట్రాల జాబితా ఉన్న ప్రతి ఫారంలో ఒక వరస కలపాల్సి వచ్చింది. 2024 మార్చిలో కొత్త వాహనాల రిజిస్ట్రేషన్ టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు, నంబర్ ప్లేటు సరైనదో కాదో చెక్ చేసే ప్రతి చోటా ఇంకో రెండక్షరాలను ఒప్పుకోవాల్సి వచ్చింది. పాత టీఎస్ బళ్లు రోడ్డు మీదే ఉన్నాయి కాబట్టి ఆ రెండక్షరాలను తీసేయడానికీ లేదు. కోడ్ పెరుగుతుందే తప్ప తరగదని లెక్కలు చూపించడానికి ఇదొక కారణం. కొత్త నియమం వస్తే పాత నియమం పోదు, దాని పక్కన కూర్చుంటుంది.

1970ల చివర్లో లియంట్జ్, స్వాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 487 సంస్థలను సర్వే చేశారు. మెయింటెనెన్స్ పనిలో తప్పులు దిద్దడం సుమారు ఐదోవంతే అని, ఎక్కువ భాగం వాడేవాళ్లు అడిగిన కొత్త అవసరాలు తీర్చడమేనని తేలింది. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. 2003లో లినక్స్‌తో పాటు మరికొన్ని సిస్టమ్‌ల కోడ్ మార్పులను నేరుగా లెక్కపెట్టిన బృందానికి దిద్దుబాట్ల వాటా చాలా ఎక్కువగా కనిపించింది. మేనేజర్లను అడిగి రాసుకున్న లెక్కకూ, కోడ్ చూసి రాసుకున్న లెక్కకూ తేడా ఉండటం సహజమే. రెండింట్లోనూ ఒక మాట మాత్రం నిలబడింది: మెయింటెనెన్స్ అంటే రిపేరు షెడ్డు కాదు. సిస్టమ్ కట్టుబడి అసలు జరిగేది అందులోనే.

ఎంత వేగంగా పెరుగుతుంది

కదపాల్సిన సామాను పెరుగుతుంటే సిస్టమ్ పెరుగుదల నెమ్మదించాలి కదా? లేమన్ బృందం కూడా అలాగే అనుకుంది. పోలండ్‌కు చెందిన వ్లాదిస్లావ్ తుర్స్కీ 1996లో దానికి ఒక చిన్న సూత్రం ఇచ్చారు. తర్వాతి రిలీజ్‌లో కొత్తగా చేరే భాగం, ఇప్పటి సైజు వర్గానికి విలోమ నిష్పత్తిలో ఉంటుంది. సైజు రెట్టింపైతే కొత్తగా చేరేది నాలుగోవంతుకు పడిపోతుంది. ఆ బృందం పరిశీలించిన కమర్షియల్ సిస్టమ్‌లకు ఈ సూత్రం చక్కగానే సరిపోయింది.

2000లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో మైకేల్ గాడ్‌ఫ్రే, చియాంగ్ తూ కలిసి లినక్స్ కెర్నల్ 96 వెర్షన్లను కొలిచారు. పెరుగుదల నెమ్మదించడం లేదు, పైగా ఏడాదికేడాదికి వేగం పుంజుకుంటోంది. కాలంతో పాటు సైజు వర్గ సమీకరణంలా పెరుగుతోందని వాళ్లు చూపించారు. ఇరవై అయిదేళ్ల తర్వాత ఆ మాట ఎంతవరకు నిలబడిందో చేత్తోనే లెక్క వేసి చూడొచ్చు.

1994 మార్చిలో వచ్చిన 1.0 వెర్షన్‌లో 1,76,250 లైన్లున్నాయి. 2005 మార్చి నాటి 2.6.11లో దాదాపు 66 లక్షలు. 2015లో 2 కోట్లు దాటింది. 2025 మొదట్లో 4 కోట్లకు చేరింది. శాతాల్లో చూస్తే వేగం పడిపోతున్నట్టే ఉంటుంది: మొదటి 11 ఏళ్లలో 37 రెట్లు, తర్వాతి పదేళ్లలో మూడు రెట్లు, ఆ తర్వాతి పదేళ్లలో రెండు రెట్లు. ఇప్పుడు ఏడాదికి సగటున చేరిన లైన్లు చూడండి. మొదటి దశలో 6 లక్షలు, రెండో దశలో 13 లక్షలు, మూడో దశలో 20 లక్షలు. ఒక్కో దశకు ఏడు లక్షల చొప్పున పెరిగింది. పెరుగుదల వేగం సమానమైన మెట్లు ఎక్కుతోందంటే, మొత్తం సైజు వర్గ సమీకరణాన్నే అనుసరిస్తోందని అర్థం. 2000లో గీసిన గీత ఇప్పటికీ చెదరలేదు. ఇంతమంది, ఇన్ని కంపెనీలు, ఎవరి అవసరం కోసం వాళ్లు రాసుకుంటూ పోయిన కోడ్ ఇంత తిన్నగా ఒక గీత మీద నడవడం నిజంగా ఆశ్చర్యం కలిగించే సంగతి.

మరి తుర్స్కీ లెక్క ఎందుకు తప్పింది? తప్పలేదు, ఇక్కడ వర్తించలేదు. లినక్స్‌లో సగానికి పైగా కోడ్ డ్రైవర్లే, అంటే ఒక్కో పరికరాన్ని నడిపించే ముక్కలే. ఒక వైఫై కార్డు డ్రైవర్ రాసేవాళ్లు పక్కన ఉన్న ప్రింటర్ డ్రైవర్‌ను చదవక్కర్లేదు. ఇంటికి గది కలపడం కాదిది, వీధిలో ఇంకో ఇల్లు కట్టడం. మెమరీ, షెడ్యూలింగ్ చూసే నడిమి భాగం మొత్తంలో చాలా చిన్నది, దాన్ని మార్చడం ఇప్పటికీ కష్టమే. ఒకదానితో ఒకటి పెనవేసుకున్న సిస్టమ్ నెమ్మదిస్తుంది, విడివిడి ముక్కలుగా పెరిగేది నెమ్మదించదు. పెరుగుదల గీత ఆకారం చూస్తే లోపలి కట్టడం ఎలాంటిదో చాలావరకు చెప్పొచ్చు.

లైన్ల లెక్కను నమ్మేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2020లో 5.9 వెర్షన్ నాటికి ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే కెర్నల్ కోడ్‌లో పదోవంతు దాటింది. తీరా చూస్తే అందులో సగానికి మించి, చిప్ రిజిస్టర్ల పేర్లు వరసగా ఉన్న హెడర్ ఫైళ్లు. వాటిని మనుషులు రాయలేదు, ప్రోగ్రాం తయారుచేసింది. ఎవరూ ఆలోచించి రాయని లక్షల లైన్లు, ఒక ఇంజనీరు నెల రోజులు తల బద్దలు కొట్టుకుని దిద్దిన నాలుగు లైన్లు గ్రాఫ్‌లో ఒకే తూకానికి వస్తాయి.

ఉన్నచోటికే చేరుతుంది

డబ్బున్న చోటికే డబ్బు చేరుతుందంటాం. సాఫ్ట్‌వేర్‌లో ఇది కొలిచి చూపించగలిగిన నిజం.

డెబియన్ అనే లినక్స్ పంపిణీలో వేల ప్యాకేజీలు, అంటే విడివిడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రాం మూటలు, ఉంటాయి. ఒక ప్యాకేజీ మీద ఇంకెన్ని ఆధారపడి ఉన్నాయో లెక్కపెట్టి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పేర్చొచ్చు. 2008లో మయార్, సోర్నెట్ తదితరులు 2002 నుంచి వచ్చిన కొన్ని డెబియన్ రిలీజ్‌లను తీసుకుని సరిగ్గా ఈ పని చేశారు. ఆ వరస జిఫ్ సూత్రం మీద కూర్చుంది. మోటుగా చెప్పాలంటే, వరసలో పదో స్థానంలో ఉన్నదాని మీద ఆధారపడేవి మొదటిదాని మీద ఆధారపడేవాటిలో పదోవంతు, నూరో స్థానంలో ఉన్నదాని మీద నూరోవంతు. భాషలో మాటల వాడకానికీ నగరాల జనాభాకూ చాలాకాలంగా తెలిసిన సూత్రమే ఇది.

వాళ్ల పరిశోధనలో అసలు విలువైన సంగతి అది కాదు. ఆ వరస ఎందుకు వస్తుందో చూపించడం. ఒక రిలీజ్ నుంచి ఇంకో రిలీజ్‌కు ప్రతి ప్యాకేజీకీ ఎన్ని కొత్త లింకులు కలిశాయో చూస్తే, అప్పటికే ఉన్నవాటికి అనుపాతంగా కలిశాయి. వెయ్యి ఉన్నదానికి వంద చేరితే, పది ఉన్నదానికి ఒకటి. కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లు, అందరూ వాడుతున్న లైబ్రరీనే (వేరే ప్రోగ్రాంలు వాడుకోవడానికి సిద్ధంగా ఉంచిన కోడ్) ఎంచుకుంటారు. అది గొప్పదనే కాదు, డాక్యుమెంటేషన్ దొరుకుతుంది, ఇరుక్కుంటే చెప్పేవాళ్లుంటారు, పక్క టీమ్ వాడుతోంది. ఆ చిన్న చిన్న నిర్ణయాలన్నీ కలిసి కొండనూ పల్లాన్నీ తయారు చేస్తాయి. ఇందులో ఎవరి ప్లానింగూ లేదు.

ఇక్కడే సగటు అనే మాట ప్రమాదకరం అవుతుంది. పదిమంది ఎత్తు సగటు కడితే పదకొండోవాడి ఎత్తు సుమారుగా ఊహించొచ్చు. ఒక ప్యాకేజీ మీద సగటున ఎన్ని ఆధారపడతాయో తెలుసుకుని ఏమీ ఊహించలేం. చాలావాటి మీద ఏదీ ఆధారపడదు, సీ లైబ్రరీ లాంటి ఒకదాని మీద దాదాపు అన్నీ ఆధారపడతాయి. ఆ సగటు దగ్గర నిలబడే ప్యాకేజీలు ఎన్నో ఉండవు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ముక్కను దాని రచయిత తీసేస్తే ప్రపంచమంతటా బిల్డ్‌లు, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా కట్టే పనులు, ఆగిపోయాయి. 11 లైన్లంటే సైజు లెక్కలో సున్నాతో సమానం. దాని బరువు తెలియాలంటే కోడ్ పొడవు కాదు, ఎంతమంది దాని భుజం మీద చెయ్యేసి నిలబడ్డారో చూడాలి.

ఒక సవరణ అవసరం. వరసగా పేర్చి లాగ్ స్కేల్ (ఒక్కో మెట్టు పదింతలయ్యే కొలబద్ద) మీద గీస్తే తిన్నగా కనిపించిన ప్రతిదాన్నీ పవర్ లా (జిఫ్ సూత్రం లాంటివన్నీ ఈ కోవలోవే) అనేయడం ఒక దశలో ఫ్యాషన్ అయింది. 2009లో క్లోసెట్, షలిజి, న్యూమన్ చాలా రంగాల డేటాను గట్టి పరీక్షలకు పెట్టి, అలా అనుకున్నవాటిలో కొన్ని ఆ పరీక్షకు నిలవవని చూపించారు. ఫైల్ సైజుల విషయంలోనూ మధ్య భాగం లాగ్‌నార్మల్‌కు (లాగ్ స్కేల్ మీద గంట ఆకారంలో కనిపించే పంపకం) దగ్గరగా, చివరలు మాత్రం పవర్ లాకు దగ్గరగా ఉంటాయన్న వాదన గట్టిదే. పనిచేసేవాళ్లకు మాత్రం ఈ తేడా పెద్దగా అవసరం లేదు. ఏ పేరు పెట్టినా, చాలా చిన్నవి బోలెడు, చాలా పెద్దవి కొన్ని, మధ్యలో సగటు మనిషి లేడు.

బగ్‌లు ఎక్కడ పోగుపడతాయి

2000లో ఫెంటన్, ఓల్సన్ ఎరిక్సన్ టెలికాం సిస్టమ్ లెక్కలు ప్రచురించారు. రిలీజ్‌కు ముందు దొరికిన తప్పుల్లో సుమారు 60 శాతం 20 శాతం మాడ్యూళ్లలోనే ఉన్నాయి. 2005లో ఏటీ అండ్ టీలో ఓస్ట్రాండ్, వెయుకర్, బెల్ ఇంకో అడుగు ముందుకేశారు. ఫైల్ సైజు, గత రిలీజ్‌లో మారిందా లేదా, ఇదివరకు అందులో ఎన్ని తప్పులు దొరికాయి లాంటి వివరాలతో, వచ్చే రిలీజ్‌లో తప్పులు ఎక్కడుంటాయో ముందే చెప్పే నమూనా కట్టారు. అది వేలుపెట్టి చూపించిన 20 శాతం ఫైళ్లలో సగటున 83 శాతం తప్పులు దొరికాయి.

మామూలు చరిత్రతోనే ఇంత సాధ్యమైంది. నిన్న ఎక్కువసార్లు మారిన ఫైల్ రేపు కూడా మారుతుంది, నిన్న విరిగింది రేపు కూడా విరుగుతుంది. మొజిల్లా, ఎక్లిప్స్ ప్రాజెక్టుల చరిత్రను తవ్విన ఒక జర్మన్ బృందానికి 2005లో పెద్ద మార్పులు మళ్లీ దిద్దుబాటు తెచ్చిపెట్టే అవకాశం ఎక్కువని, శుక్రవారం చేసిన మార్పుల్లో రిస్క్ ఎక్కువని కనిపించింది. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి ఏదీ పంపొద్దని లీడ్‌లు అనేది ఉత్త టెన్షన్ వల్ల కాదన్నమాట.

బగ్ ఎక్కడుందన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు బయటపడుతుందన్నది ఇంకో ప్రశ్న, దీనికి 1984లో ఐబీఎంలో ఎడ్వర్డ్ ఆడమ్స్ ఇచ్చిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. పెద్ద ప్రొడక్ట్‌ల బగ్ రికార్డులు తిరగేసి, ఒక్కో బగ్ ఒక కంప్యూటర్ మీద సగటున ఎన్నేళ్లకు ఒకసారి పైకి వస్తుందో ఆయన అంచనా వేశారు. సుమారు మూడోవంతు బగ్‌ల విషయంలో జవాబు 5,000 ఏళ్లు. తరచుగా విసిగించే బగ్‌లు చాలా కొద్ది శాతం, వైఫల్యాల్లో పెద్ద వాటా మాత్రం వాటిదే.

5,000 ఏళ్లకు ఒకసారి వచ్చేదాని గురించి బెంగ ఎందుకు అనిపిస్తుంది. అప్పట్లో అది సబబే. దొరికిన ప్రతి బగ్‌కూ ముందుజాగ్రత్తగా ఫిక్స్ వేసుకుంటూ పోతే, ఆ ఫిక్స్‌లు తెచ్చే కొత్త తప్పులతో నష్టమే ఎక్కువ కావచ్చని ఆడమ్స్ కూడా అన్నారు. ఇప్పటి లెక్క వేరు. 2021 నాటికే 300 కోట్ల ఆండ్రాయిడ్ పరికరాలు వాడకంలో ఉన్నాయి, వాటి అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే. 5,000 ఏళ్లకు ఒకసారి పైకి వచ్చే బగ్ అన్ని పరికరాల్లోనూ ఉంటే, ఏడాదికి 6 లక్షల సార్లు వస్తుంది. రోజుకు 1,600కు పైగా. పైగా దాడి చేసేవాళ్లు బగ్ తనంతట తాను బయటపడేదాకా ఆగరు. కమాండ్లు తీసుకుని నడిపే బాష్ షెల్ అనే ప్రోగ్రాంలో 1989 నుంచి ఉన్న షెల్‌షాక్ లోపం పాతికేళ్లు ఎవరికీ అడ్డం రాలేదు. 2014 సెప్టెంబరులో బయటపడిన కొద్ది గంటల్లోనే దాన్ని పట్టుకుని సర్వర్ల మీద దాడులు మొదలయ్యాయి.

సపోర్ట్ ప్రాజెక్టుల్లో టిక్కెట్‌కు (ఒక్కో ఫిర్యాదుకు) సగటు సమయం, వెయ్యి లైన్లకు సగటు బగ్‌లు అని కొలతలు పెట్టి మనుషుల పనితీరు తేల్చడం ఎందుకు అన్యాయమో ఈ లెక్కలే చెబుతాయి. ఇరవై టిక్కెట్లు పావుగంటలో మూసి, ఇరవై ఒకటోదానికి పదకొండు రోజులు పట్టిన ఇంజనీరు వెనకబడ్డట్టు కాదు. ఆ ఇరవై ఒకటోది నడిమి మాడ్యూల్‌లో పడింది. ఆ మాడ్యూల్‌ను ఎవరికి అప్పగిస్తే వాళ్ల సగటు అలాగే దెబ్బతింటుంది, అందుకే దాన్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. ఎవరూ తీసుకోకపోతే అది ఇంకా ముదురుతుంది.

లైన్ ఎన్నాళ్లు బతుకుతుంది

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. 2021లో డియోమిడిస్ స్పినెల్లిస్ బృందం 89 ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల చరిత్రలో లైన్ల పుట్టుక, చావు నమోదు చేసింది. మధ్యస్థ ఆయుష్షు సుమారు 2.4 ఏళ్లు. అంటే రాసిన లైన్లలో సగం రెండున్నరేళ్లు నిండకుండానే మారిపోతాయి లేదా పోతాయి. మిగతా సగం సంగతే ఆసక్తికరం. మనిషికి వయసు మీదపడేకొద్దీ ఆ ఏడాదిలో పోయే అవకాశం పెరుగుతుంది. కోడ్ లైన్‌కు తగ్గుతుంది. నిన్న రాసిన లైన్ ఈ నెలలో పోయే అవకాశం ఎక్కువ, పదేళ్ల కిందటి లైన్ పోయే అవకాశం తక్కువ.

దీనికి కారణం రెండు రకాలుగా చెప్పొచ్చు. కాలం గడిచేకొద్దీ లైన్ నిజంగానే గట్టిపడుతుందనేది ఒకటి: దాని మీద ఇంకో పది ఆధారపడతాయి, ముట్టుకోవాలంటే భయం పుడుతుంది. రెండోది, ఏ లైనూ గట్టిపడదు, బలహీనమైనవి ముందే రాలిపోతాయి కాబట్టి చివరికి మిగిలినవి గట్టివే అవుతాయి. ఉత్త ఆయుష్షు గ్రాఫ్ చూసి ఈ రెండింట్లో ఏది నిజమో తేల్చలేం, రెండూ ఒకే ఆకారం గీస్తాయి. ఏ లైన్ మీద ఏది ఆధారపడి ఉందో కూడా కలిపి చూస్తే తప్ప తేడా తెలియదు. ఇంకో చిక్కు లెక్కపెట్టడంలోనే ఉంది. చనిపోయిన లైన్ల వయసులే సగటు కడితే, ఇంకా బతికున్న ముసలి లైన్లు లెక్కలోకి రావు, ఆయుష్షు తక్కువగా తేలుతుంది. లినక్స్ విషయంలో 2005కు ముందు పుట్టిన లైన్లన్నిటికీ గిట్ ఒకే పుట్టినరోజు రాసుకుంది. జనాభా లెక్కల వాళ్లకూ వైద్య గణాంకాల వాళ్లకూ బాగా తెలిసిన ఈ సమస్యలను కోడ్ కొలిచేవాళ్లు ఆలస్యంగా పట్టించుకున్నారు.

పాత లైన్‌కే ఆయుష్షు ఎక్కువ అన్నదాని బరువు తెలుగువాళ్లకు తెలిసినంత దగ్గరగా ఇంకెవరికీ తెలియదేమో. 1960లు, 70ల్లో మెమరీ ఖరీదు కాబట్టి సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న, కోబాల్ అనే పాత భాషలోని ప్రోగ్రాంలు 2000 దాకా బతుకుతాయని వాటిని రాసినవాళ్లు అనుకోలేదు. బతికాయి. 2000 రాకముందే ఆ రెండంకెల తేదీలు దిద్దే వైటూకే పని కోసం 1990ల చివర్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్ లాంటి మెయిన్‌ఫ్రేమ్ విద్యలు నేర్చుకుని ఎంతోమంది అమెరికా విమానం ఎక్కారు. ఎన్నో ఇళ్ల కథ మారింది కూడా ఆ రెండంకెల వల్లే. ఆ కోడ్ అప్పటితోనూ ఆగలేదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, నలభై ఏళ్లు దాటిన సిస్టమ్‌లను నడిపించడానికి కోబాల్ తెలిసినవాళ్లు కావాలని న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ బహిరంగంగా అడగాల్సి వచ్చింది. ఎనభైల్లో బతికి బట్టకట్టిన లైన్, రెండువేల ఇరవైలోనూ బతికే ఉంటుందని గణాంకం చెబుతుంది. దాన్ని చదవగలిగేవాళ్ల ఆయుష్షు మాత్రం ఆ గ్రాఫ్‌లో ఉండదు.

పైగా లైన్లు చావడం ఒక్కొక్కటిగా ఎక్కడో అక్కడ జరుగుతుందని ఆ నున్నటి గీత భ్రమ పుట్టిస్తుంది. చాలాసార్లు అవి ఊళ్లకు ఊళ్లే లేచిపోయినట్టు పోతాయి. 2018లో కెర్నల్ 4.17 వెర్షన్‌లో ఎవరూ వాడని ఎనిమిది ప్రాసెసర్ కుటుంబాలను ఒకేసారి తీసేశారు, దాదాపు 5 లక్షల లైన్లు ఒక్క రిలీజ్‌లో పోయాయి. 2024 జనవరిలో వచ్చిన 6.7లో ఇంటెల్ ఇటానియం చిప్‌ల కోడ్ వెళ్లిపోయింది. ఆ లైన్లలో తప్పేమీ లేదు, అవి సేవచేసిన చిప్‌లు లోకం నుంచి పోయాయి. లేమన్ మొదటి సూత్రంలో లోకం కదిలితే ప్రోగ్రాం కదలాలన్నదానికి ఇది రెండో వైపు.

2012 డిసెంబరులో ఇంటెల్ 386 వంతు వచ్చింది. 1991లో టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టింది ఆ చిప్ మీదే. ఆ చిప్ కోడ్‌ను తీసేసే ప్యాచ్‌లను (మార్పులను) పంపిన కెర్నల్ డెవలపర్ ఇంగో మోల్నార్, 1991 నాటి మీ అసలు 386 మెషిన్ ఇక కొత్త కెర్నల్‌తో బూట్ కాదని దిగులుగానే రాశారు. నాకు అలాంటి మమకారాలు లేవు, వదిలింది అని టోర్వాల్డ్స్ జవాబిస్తూ దాన్ని కలిపేశారు. ఆ మార్పు తాకింది 24 ఫైళ్లను. చేరినవి 56 లైన్లు, పోయినవి 425.